రెండు బస్తాల బ్లీచింగ్

బ్లీచింగ్ వాసన తగిలితే చాలు, ముప్పై ఏళ్లుగా నేను అక్కణ్నుంచి లేచి వెళ్లిపోతున్నాను. పడదని ఇంట్లో చెప్పాను. అబద్ధం. అసలు సంగతి మీకే మొదట చెబుతున్నాను.

అప్పట్లో మణుగూరు బస్సు దారిలో, అడవి అంచున ఒక కాలనీలో మురుగునీటి ప్లాంటు నడిపేవాణ్ని. పెద్ద ట్యాంకు, అడుగు నుంచి గాలి కొట్టే మిషను. నీళ్లను బాగుచేసేది మాత్రం మిషను కాదు, కంటికి కనపడని జీవులు. గాలి అందితే అవి మురికిని తిని పెరుగుతాయి, ముద్దకట్టి అడుక్కు దిగుతాయి, పైనున్న తేటనీరు వాగులోకి పోతుంది. వాటిని పెంచడానికి కొత్తలో రోజూ ఆవుపేడ కలిపేవాళ్లం. పేడ తెచ్చే కూలిపని పక్క గూడెం ముత్తమ్మది. ఆమెకున్నది ఒక్క ఆవు. జీవుల సంగతి నేనే చెప్పాను. అప్పట్నుంచి రోజూ గంప దించి, ట్యాంకులోకి తొంగిచూసి, "తింటున్నయా సారూ?" అని అడిగేది.

ఒకసారి మిషను బెల్టు తెగింది. రేపు చూద్దాంలే అని మూడు రోజులు బద్ధకించాను. కంపు లేచింది. అంతలో పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురు. భయపడి బెల్టు వేయించి, కంపు పోవడానికి రెండు బస్తాల బ్లీచింగ్ పౌడరు ట్యాంకులో కుమ్మరించాను. అది జీవుల్ని చంపుతుందని నాకు తెలియదా? తెలుసు. శుభ్రంగా ఉంచావని ఆఫీసరు నా భుజం తట్టాడు.

వారం తిరక్కుండా గూడెం వాడుకునే ఆ వాగులోకి నల్లనీళ్లు పోయాయి. మా ఇంజనీరు నిలదీశాడు. ముత్తమ్మ ఆవు మందుకొట్టిన మిరపచేలో మేసిందని, ఆ పేడ వల్లే జీవులు చచ్చాయని చెప్పాను. అంత తొందరగా ఆ మాట నోట్లోకి ఎలా వచ్చింది? ఇప్పటికీ అర్థం కాదు. ఆమె పని పోయింది.

తిట్టినా బాగుండేది. "నా ఆవు అడివిలనే మేస్తది సారూ," అంది. మళ్లీ తనే, "నేను చూడనప్పుడు చేన్ల పడ్డదేమో," అంది.

"అవ్, గట్లనే అయ్యుంటది," అన్నాను నేను.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ గంపతో వచ్చింది. కూలి రాదని తెలిసే వచ్చింది. ఆవును కట్టేసి, అడివిగడ్డి తనే కోసి పెట్టిందట. "గిది మంచి పేడ సారూ. ఇగ బతుకుతయా?"

తీసుకుని కలిపాను. కొన్నాళ్లకు నీళ్లు తేటపడ్డాయి. ఆమెను మళ్లీ పెట్టుకోమని ఇంజనీరుకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. చెబితే ఎందుకో కూడా చెప్పాల్సి వచ్చేది. తర్వాత బదిలీ మీద వచ్చేశాను.

ముత్తమ్మ ఉందో లేదో తెలియదు. ఉంటే, తప్పు తన ఆవుదేనని ఇంకా నమ్ముతూనే ఉంటుంది. ఆ ఆవు ఏ చేలోనూ పడలేదు. ఆ రెండు బస్తాలూ నేనే పోశాను.