టేబుల్ మీది కోడిపిల్ల

మా పెద్దమ్మ పసిపిల్లల ముందు కోడిపిల్ల మెడ విరిచిందని మా వీధంతా చెప్పుకుంటారు. కుళాయి దగ్గర ఆ కథకి రక్తం కూడా అంటింది. కుట్టుమిషను ఆవిడైతే, విరిచి నవ్విందట అని చేర్చింది. నాకు ఊహ తెలిశాక పెద్దమ్మ నవ్వగా నేను చూడలేదు.

అప్పట్లో పెద్దమ్మ ప్లేస్కూల్లో ఆయా. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయాక నన్నూ అక్కడే పనికి పెట్టించింది. చాపలు పరవడం, మూతులు కడగడం నా పని. సరిగ్గా చేయకపోతే అందరి ముందూ కడిగేసేది. వంకర ముక్కు, ఏ మూలనున్నా పట్టేసే చూపు. పెద్దవాళ్ళు చాటుగా, పిల్లలు మొహం మీదే గద్దమ్మ అనేవారు.

ప్రాణం ఉన్నవి, లేనివి అనే పాఠం కోసం మా మేడం ఒక కోడిపిల్లని తెచ్చింది. అట్టపెట్టెలో బల్బు పెట్టి దాన్ని ఉంచాం. నాలుగు రోజులకే చచ్చిపోయింది. మేడం దాని మీద రుమాలు కప్పి ఆఫీసు టేబుల్ మీద పెట్టింది. మర్నాడు పెట్టెలో అలాంటిదే మరొకటి తిరుగుతోంది. జ్వరం తగ్గి వచ్చేసిందని పిల్లలకి చెప్పింది. పసివాళ్ళ మనసు ఎందుకు నొప్పించాలని మాకు నీతి బోధించింది. పెద్దమ్మ మూతి తిప్పుకుంది.

ఆ టేబుల్ సంగతి పిల్లలకి అంతకు ముందే తెలుసు. చక్రం ఊడిన బండి, చెయ్యి విరిగిన బొమ్మ దాని మీదికే వెళ్ళేవి. మేడం జిగురు పెట్టేది, మర్నాడు అవి తిరిగొచ్చేవి. ఇప్పుడు కోడిపిల్ల కూడా వచ్చింది.

ఉంగరాల జుట్టు పిల్ల ఒకతి ఉండేది, నాలుగేళ్ళది. ఒకరోజు ఆ రెండో కోడిపిల్లని గుండెకి హత్తుకుని, అరుస్తోందని ఇంకా గట్టిగా హత్తుకుంది. నేను చాప వదిలేసి పరుగెత్తేసరికి దాని మెడ వాలిపోయింది. ఆ పిల్ల బెదరలేదు. నెమ్మదిగా ఆఫీసులోకి నడిచి, దాన్ని టేబుల్ మీద పెట్టి, పైన రుమాలు కూడా కప్పి, వచ్చి మళ్ళీ ఆడుకుంది. రేపటికి బాగైపోతుందని నాకే ధైర్యం చెప్పింది. ఆ తర్వాత పెద్దమ్మని అడిగింది.

"మా తమ్ముడు కూడా ఒకటే అరుస్తాడు. వాణ్ణీ ఇక్కడ పెట్టచ్చా?"

వాడు పుట్టి రెండు నెలలు కూడా కాలేదు. పెద్దమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టేసింది.

అప్పటికే మేడం మూడో కోడిపిల్ల కోసం పర్సు తీస్తోంది. తేవద్దని పెద్దమ్మ అడ్డుపడింది. ఆయావి ఆయాలా ఉండమంది మేడం. పెద్దమ్మ ఆవిణ్ణి పక్కకి నెట్టి, చచ్చిన కోడిపిల్లని తెచ్చి పిల్లల మధ్య కూర్చుంది. ఉంగరాల జుట్టు పిల్ల చెయ్యి లాగి దాని పొట్ట మీద పెట్టింది.

"కదులుతోందా?"

"లేదు."

"నీ పొట్ట మీద పెట్టుకో. కదులుతోందిగా? దీనిది ఆగిపోయింది. ఇది బండి కాదు, జిగురుకి అతకదు. రేపు రాదు. ఎప్పటికీ రాదు."

"మొన్న వచ్చిందిగా!"

"అది ఇది కాదు. మీ మేడం వేరేది కొనుక్కొచ్చింది. మీ తమ్ముడైనా అంతే. ఊపిరాడకుండా నొక్కితే మళ్ళీ రాడు."

ఆ పిల్ల దాన్ని కుదిపింది. ఊదింది. కాలు పట్టి లాగి చూసింది. ఆ తర్వాత ఏడుపు మొదలైంది. ఒకళ్ళని చూసి ఒకళ్ళు గదంతా ఏడ్చారు. పెద్దమ్మ ఎవర్నీ ఊరుకోబెట్టలేదు, నన్నూ వాళ్ళ దగ్గరికి పోనివ్వలేదు.

సాయంత్రం తల్లులు వచ్చారు. అందరికన్నా గట్టిగా అరిచింది ఆ పిల్ల తల్లే.

"నా కూతురి చేతిలో శవాన్ని పెడతావా? నువ్వసలు పిల్లల్ని కన్నదానివేనా?"

"కన్నాను కాబట్టే పెట్టాను."

"దీన్ని పంపించేస్తారా, మా పిల్లల్ని మేమే తీసుకుపోవాలా?" అని ఆవిడ మేడం మీదికి తిరిగింది. పెద్దమ్మ ఏదో చెప్పబోయింది. తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లని చూసి, నోరు మూసుకుంది. మేడం అక్కడికక్కడే రేపట్నుంచి రావద్దంది. చచ్చినదాని బదులు తనే ఇంకోటి తెచ్చి పెట్టిందని ఆవిడా చెప్పలేదు.

దారిలో నేను ఉండబట్టలేక, తమ్ముడి మాట చెప్పేయాల్సింది పెద్దమ్మా అన్నాను.

"చెబితే ఆ తల్లి రోజూ ఆ పిల్ల చేతుల వంకే చూస్తుంది. నీ పని చూసుకో. నోరు మెదిపావంటే పళ్ళు రాలగొడతా."

ఇప్పుడు ఆవిడ నాలుగిళ్ళలో అంట్లు తోముతోంది. పసిపిల్లలున్న ఇంట్లో ఎవరూ గడప తొక్కనివ్వరు. నేనింకా అక్కడే చాపలు పరుస్తున్నాను. సాయంత్రాలు ఆ తల్లి కూతురి కోసం వచ్చినప్పుడు ఆ తమ్ముడూ వెంట వస్తాడు. మొన్ననే నడక మొదలుపెట్టాడు.