ఆ ఫైలుకు ధర పెట్టింది నేనే

ఇరవై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోశాను. చిన్నదే. రెండే మాటలు. మోయగా మోయగా అలవాటైపోయి, ఆ బరువు నా ఒంటి బరువేనేమో అనుకునే దాకా వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో చెప్పను. ఒకటి మాత్రం ముందే చెప్తాను: నా మీద జాలిపడే ఉద్దేశం ఉంటే ఇక్కడే ఆపేయండి. నాకు నా మీద కోపంగా ఉంది. దాన్ని ఎవరూ చల్లార్చడం నాకిష్టం లేదు.

మా వైపు ఇంటర్నెట్ ఇంకా రాని రోజులు. గుడివాడలో నాకొక డీటీపీ సెంటరు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు వేసి బతికేవాణ్ణి. పిచ్చి మాత్రం వేరే ఉండేది. కంప్యూటరుకు మోడెమ్ తగిలించి, దాన్ని ఫోను లైనుకు కలిపి, ఒక బులెటిన్ బోర్డు నడిపేవాణ్ణి. ఎక్కడో తమ కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళు మా నంబరుకు డయల్ చేసి నా దగ్గరున్న ఫైళ్ళు దించుకోవచ్చు, తమవి ఎక్కించవచ్చు, ఒకరికొకరు సందేశాలు రాసిపెట్టుకోవచ్చు. ఒకసారికి ఒక్కరే. ఫోను లైను నాది కాదు, కింది అంతస్తులో ఉన్న, రొయ్య పిల్లల్ని పెంచి రైతులకు అమ్మే హేచరీ ఆఫీసుది. పొద్దున వాళ్ళు తలుపులు తీసే దాకా నన్ను వాడుకోనిచ్చేవారు.

వచ్చేవాళ్ళు కొద్దిమందే. డాక్టర్లు, లెక్చరర్లు, చదువుకుని రొయ్యల చెరువులు వేసినవాళ్ళు. అందరూ తీసుకునేవాళ్ళే. ఒక్కరూ ఏదీ ఇచ్చేవారు కాదు. ఒకడు లైను పట్టుకుంటే గంట వదలడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అప్పుడు క్రెడిట్ల పద్ధతి పెట్టాను. ఫైలు ఎక్కిస్తే కొన్ని క్రెడిట్లు వస్తాయి, దించుకుంటే ఆ ఫైలు ధరను బట్టి పోతాయి. ఏ ఫైలుకు ఎంత ధరో నిర్ణయించేది నేను. ఎంత గర్వపడ్డానో! దానికి న్యాయం అని పేరు కూడా పెట్టుకున్నాను. క్రెడిట్ల కోసం జనం ఒకే ఆటను ముక్కలు చేసి నాలుగు పేర్లతో ఎక్కించారు. ఇవ్వడానికేమీ లేనివాళ్ళు చడీచప్పుడు లేకుండా తప్పుకున్నారు. అది నాకు కనబడలేదా? కనబడింది. కనబడనట్టు ఉండటం బాగుండేది.

అలా ఇవ్వడానికేమీ లేనివాడు సుధాకర్. నాగాయలంక మనిషి. వాళ్ళ చర్చి కరపత్రాలు అచ్చు వేయించడానికి వచ్చి పరిచయమయ్యాడు. చుట్టరికమేం లేకపోయినా బావా అని పిలిచేవాడు. వచ్చినప్పుడల్లా బస్సులో తడి గోనెసంచిలో పీతలు తెచ్చేవాడు. చెరువు కౌలుకు తీసుకుని రొయ్యలు వేశాడు. మందులకో మేతకో బందరు వెళ్ళినప్పుడు, తను కంప్యూటరు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దున్నే కూర్చుని మా బోర్డుకు డయల్ చేసేవాడు.

బోర్డులో నిజంగా విలువైన సంగతులు ఎక్కించిన మనిషి ఒక్కరే, మెహరున్నీసా గారు. బందరులో చెరువు నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబులో పనిచేసేవారు. తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసి రైతులకు జాగ్రత్తలు రాసేవారు. ఒకరోజు ఆమె పెట్టిన ఫైలు తెరిచి చదివాను. మా కింది అంతస్తు హేచరీ నుంచి వచ్చిన పిల్ల రొయ్యల్లో తెల్లమచ్చ రోగం కనిపిస్తోందని, ఆ సీడు ఎవరూ పరీక్ష చేయించకుండా చెరువులో వదలొద్దని ఉంది. హేచరీ పేరు రాశారు. ఏ చెరువుల్లో ఏమైందో రాశారు. నమ్మకపోవడానికి నాకు ఏ కారణమూ కనిపించలేదు.

ఆ సంగతి కిందికి ఎలా చేరిందో, హేచరీ యజమాని మేడ ఎక్కి వచ్చాడు. బెదిరించలేదు. కుర్చీలో కూడా కూర్చోలేదు. "మన లైను మీద మన గొయ్యే తవ్వుకుంటామా అయ్యా?" అని ఒక్క మాట అని దిగిపోయాడు. అంతే. తీసెయ్యమని కూడా అనలేదు. మిగతాదంతా నా తెలివి. ఆ తెలివిని తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను. ఫైలు తీసేస్తే మెహరున్నీసా గారు అడుగుతారు. ఉంచితే లైను పోతుంది. అందుకని ధర పెంచాను. మిగతా ఫైళ్ళకు ఒకటో రెండో క్రెడిట్లు. దీనికి ఐదువందలు. బోర్డు మొత్తంలో ఎవరి దగ్గరా అన్ని లేవు. పేరు కనబడుతూనే ఉంటుంది, ధర నాకు తప్ప ఎవరికీ కనబడదు, ఫైలు తెరుచుకోదు. నేనేమీ దాచలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత నీతిమంతుణ్ణి!

రెండు మూడు రోజులకు, ఇంకా కింద ఆఫీసు తెరవకముందే, సుధాకర్ అదే లైనుకు ఫోన్ చేశాడు.

"బావా, మెహరున్నీసా గారు పెట్టిన రొయ్యల ఫైలు రావట్లేదేంటి? క్రెడిట్లు చాలవంటుంది."

"చాలకపోతే నేనేం చెయ్యను? ఏదైనా ఎక్కించు, వస్తాయి."

"నా దగ్గరేముంది బావా ఎక్కించడానికి? బురద తప్ప." నవ్వాడు. "ఈసారికి నువ్వే తెరిచి పెట్టరాదూ?"

"రూలు అందరికీ ఒకటే, సుధాకర్."

"సర్లే, అదీ నిజమే. రేపు సీడు దిగుతోంది. మీ కిందాఫీసు వాళ్ళదే. అంత ముఖ్యమైందంటావా అందులో?"

లైనులో గరగర వినిపిస్తోంది. ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరో టైపు కొడుతున్నారు.

"నేను చదవలేదు," అన్నాను.

ఇవే ఆ రెండు మాటలు. ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలేదు. సీడు పరీక్ష చేయించు అని ఒక్క ముక్క అంటే సరిపోయేది, బోర్డు కూడా ఎటూ పోయేది కాదు. ఎందుకు అనలేదు? భయమా? అయితే ఎవరి భయం? నిజం చెప్పాలంటే, అప్పటికి నేను పెట్టిన రూలు నాకే నచ్చేసింది. అడిగినవాణ్ణి కాదనగలగడం నచ్చేసింది.

నెలన్నరకు చెరువు పోయింది. కబురు విని వెళ్ళాను. గట్టు పొడవునా రొయ్యలు తేలి ఉన్నాయి, కాకులు దిగుతున్నాయి. సుధాకర్ భార్య సలోమి ముక్కుకు కొంగు కట్టుకుని సున్నం చల్లుతోంది. "రండి అన్నయ్యగారూ," అంది. సుధాకర్ మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి నా వైపు చూశాడు. "బద్ధకం బావా నాది. ఏవో నాలుగు ఫైళ్ళు ఎక్కించుంటే ఆ కాగితం నా చేతికొచ్చేది. నువ్వు చెప్పావు కూడా," అన్నాడు.

నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. ఓదార్చాను! ఆ చేతిని ఏం చెయ్యాలో చెప్పండి.

కౌలు పోయింది. సలోమి మెడలో ఉన్న బంగారమూ పోయింది. సుధాకర్ ఇతరుల చెరువుల మీద కాపలాకు వెళ్ళడం మొదలుపెట్టాడు, ఇప్పటికీ వెళ్తున్నాడు. తన ఫైలు రైతులెవరికీ తెరుచుకోవట్లేదేం అని మెహరున్నీసా గారు ఒక సందేశం పెట్టారు. పొరపాటు అని జవాబిచ్చి, రోగం అందరికీ తెలిసిపోయాక ధర తగ్గించాను. ఆమె మళ్ళీ ఎప్పుడూ డయల్ చేయలేదు. ఇంటర్నెట్ వచ్చాక బోర్డు దానంతటదే మూతపడింది.

పోయిన నెల సుధాకర్ నన్ను వాళ్ళ చర్చికి పిలిచాడు. పిల్లలకు కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు. ముందు తనే లేచి నన్ను పరిచయం చేశాడు. "మా బావ ఆ రోజుల్లోనే రూలు పెట్టాడు, ఇచ్చినవాడికే దొరుకుతుందని. నేను బద్ధకించాను, చెరువు పోగొట్టుకున్నాను. మీరలా ఉండకండి," అన్నాడు. పిల్లలు శ్రద్ధగా విన్నారు. ఇన్నేళ్ళూ ఈ మనిషి నా పాపాన్ని తన పాపంగా ఊరందరికీ ఒప్పుకుంటూ తిరుగుతున్నాడా? నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు.

చర్చి బయట గోడ పక్కన సుధాకర్‌కు చెప్పేశాను. అంతా. చదివానని, ధర పెంచానని, కావాలనే అని.

తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇన్నేళ్ళూ సలోమి నన్ను ఎన్ని మాటలన్నా పడ్డాను, నిజమే కదా అని," అన్నాడు. "నాకు చెప్పడం కాదు. ఇంటికి వెళ్ళి దానికి చెప్పు." తను మాత్రం నాతో రాలేదు.

సలోమి గుమ్మంలో నిలబడి విన్నది. కూర్చోమనలేదు.

"అన్నం పెట్టేటప్పుడు కూడా అన్నానండీ ఆయన్ని," అంది చివరికి. తరవాత, "మీరు వెళ్ళండి," అంది. అన్నయ్యగారూ అనలేదు. తలుపు వేసుకుంది.

ఆ ఫైలు అడిగి వెనక్కి పోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ పేర్లు నాకు గుర్తులేవు, అప్పట్లో గుర్తుపెట్టుకోవాలని కూడా అనిపించలేదు. దివిసీమలోనో బందరు చుట్టుపక్కలో మీకూ చెరువుండి, మీరూ ఒక పొద్దున డయల్ చేసి, క్రెడిట్లు చాలవన్న మాట చూసి లైను వదిలేసి ఉంటే, మీ తప్పేమీ లేదు. అది చెప్పడానికే ఇదంతా రాశాను. క్షమించమని అడగను.

సలోమి తలుపు వేసుకున్నాక బస్టాండు దాకా నడిచాను. చాలా ఏళ్ళ తరవాత గుండెల నిండా ఊపిరి ఆడింది. ఆ ఇంట్లో ఇద్దరు మనుషుల్ని ఆ స్థితిలో వదిలి వచ్చి, నేను హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాను. దానికీ నా మీద కోపంగానే ఉంది. అయినా పీల్చాను.