అంచున సాగే ముఖం

షిప్‌యార్డులో వెల్డింగ్ చేసే ఆ కరీంనగర్ అబ్బాయి, ఆదివారాలు సింగపూర్ తెలుగిళ్లలో వేడుకలకు ఫొటోలు తీసేవాడు. ఇరుకు ఫ్లాట్లలో అందరూ పట్టాలని అల్ట్రా వైడ్ జూమ్ లెన్స్ వాడేవాడు. "అంచుకు నిలవడితె మొఖం సాగుతది, నడిమికి రాండ్రి" అనేది అతని ఊతపదం.

దేవుడి దయవల్ల జురాంగ్ ఈస్ట్‌లోని మా ఫ్లాట్‌లో నా సీమంతం జరిగింది. నాన్న పోయాక శుభకార్యాలకు దూరంగా ఉంటున్న అమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. అతను ఆ మాటే చెప్పి, ఆమెను నా పక్కన నిలబెట్టాడు.

తర్వాత ఫొటోలో చూస్తే, అంచున ఉన్న ఆడపడుచు ముఖం చక్కగానే ఉంది.

"సాగలేదేం తమ్ముడూ?"

"జర జూమ్ చేసినక్కా, గట్ల చేస్తె అంచుకున్నా సాగదు."

"మరి అమ్మనెందుకు జరిపావు?"

"ఉత్తగ పిలిస్తె పెద్దమ్మ వస్తుండెనా?"

ఆ సంగతి అమ్మకు నేను చెప్పలేదు. ఇప్పుడు ఎవరింట్లో ఫొటో తీసినా, ముఖం సాగుతుందన్న భయంతో తనే మధ్యకు వెళ్తోంది.