ఘాటు రాని పొగ

యాభై దాటాక విమానం నడపడం నేర్చుకున్న మిరపకాయల వ్యాపారిని నేను. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా యార్డులో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. గుంటూరులో మాకో కోల్డ్ స్టోరేజీ ఉంది. నా బతుకంతా బస్తాల మధ్యే గడిచింది. లైసెన్సు చేతికొచ్చిన దగ్గర్నుంచి సొంతంగా ఒక చిన్న విమానం ఉండాలని ఒకటే ధ్యాస. కొత్తది కొనాలంటే కోల్డ్ స్టోరేజీ అమ్ముకోవాలి. అందుకని పాతది, మన తాహతుకు తగ్గది, ఇద్దరు కూర్చునేది వెతకడం మొదలుపెట్టాను. రెండో సీటు మా ఆవిడది. "సొంతదైతే ఎక్కుతాను, ఎవరిదో ఎరువు తెస్తే ఎక్కను" అని ముందే చెప్పేసింది.

పాత విమానాలు ఫొటోల్లో అన్నీ పెళ్ళికూతుళ్ళే. దగ్గరికెళితే తెలుస్తుంది. హైదరాబాదు శివార్లలో చూసినదానికి రెక్కల కింద తుప్పు. అమ్మేవాడు దాని మీద రంగు కొట్టించి, "ఒక్క చేతి మీద నడిచిన బండి సార్" అంటూ ప్రమాణాలు. వాడితో గొడవపడి వచ్చేశాను. బెంగళూరుదానికి ఇంజను ఆయుష్షు తీరిపోవచ్చింది. నాది మిరపకాయ చూపు. కాయ విరిచి, గింజ రంగు చూసి, వాసన పీలిస్తే సరుకేంటో చెప్పేస్తాను. విమానం దగ్గరా అంతే. మూత తీయించి, ఇంజనాయిలు వేళ్ళ మధ్య నలిపి వాసన చూస్తాను. నా ముక్కు మీద నాకంత నమ్మకం.

మూడోది మన దగ్గరే, చీమకుర్తి దాటాక దొరికింది. గ్రానైట్ కోత యూనిట్ నడిపిన ఒకాయన తన పొలంలోనే మట్టి రన్‌వే వేసుకుని సరదాగా నడుపుకునేవాడట. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన భార్య అమ్ముతోంది. మా వైపు ఆడవాళ్ళు ఫోన్లో మాట్లాడితే ఫోను లేకపోయినా వినపడుతుంది. ఈవిడ మాట మాత్రం పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టుగా ఉంది. గట్టిగా చెప్పండమ్మా అని నేనే అరవాల్సి వచ్చింది.

జనవరి చివర్లో ఒక పొద్దున మా ఆవిడా నేనూ వెళ్ళాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే, ఎప్పుడూ రాళ్ళ లారీలతో దద్దరిల్లే రోడ్డు మీద చప్పుడే లేదు. విమానం పెట్టిన షెడ్డు పక్కన కళ్ళంలో తొలి కోత మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. అమ్మే ఆవిడ ఒక గ్రానైట్ పలక మీద, షెడ్డుకి వీపు పెట్టి కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది కానీ అటువైపు తిరగలేదు.

"నేను లోపలికి రాను అన్నయ్యగారూ. మీరే చూసుకోండి" అంది.

మా ఆవిడకి నాన్చడం చేతకాదు. "ఎందుకమ్ముతున్నారు వదినగారూ?" అని మొహమ్మీదే అడిగేసింది.

ఆవిడ అదే సన్నటి గొంతుతో చెప్పింది. "ఊరికే ఉంటే ఇంజను పాడైపోద్దని రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి అటూ ఇటూ తిప్పేవాడు. ఇలాంటి మంచులోనే ఒకరోజు గొడవపడ్డాం. నాకు ఒళ్ళు మండి, అందులోనే పడుండు, ఇంటికి రావొద్దు అన్నాను. రాలా."

రన్‌వే చివర బ్రేకు వేసిన విమానంలో, పెట్రోలు అయిపోయేదాకా ఇంజను తిరుగుతూనే ఉందట. ఆయన తలుపులు మూసుకుని, సీట్లో నిద్రపోతున్నట్టే ఉన్నాడట. గుండె ఆగిందన్నారు. బంధువులు పోస్టుమార్టం వద్దని గొడవ చేసి, పొద్దుగూకేలోగా కానిచ్చేశారు.

"చాటున మాత్రం మందు తాగాడంటారు. మందంటే తెలుసుగా, పత్తికి కొట్టేది. నా మాటకే పోయాడా, లేకపోతే ఇంకేమన్నా కారణముందా... అదొక్కటి తెలిస్తే చాలు నాకు. అప్పట్నుంచి గొంతెత్తి ఎవర్నీ ఏమీ అన్లా." మళ్ళీ తనే, "మీకంటే ముందు ఇద్దరొచ్చారు. నడిపి చూసి, తలనొప్పని వెళ్ళిపోయారు. మళ్ళీ ఫోన్ చెయ్యలా" అంది.

మా ఆవిడ నా చొక్కా పట్టుకు లాగింది. "పదండి, పోదాం."

నేను వింటానా? అప్పటికే షెడ్డు తలుపు సందులోంచి దాని ముక్కు కనిపించింది. పైన కప్పిన దుప్పట్లు తీసి చూస్తే, అబ్బ, ముచ్చటగా ఉంది. రెక్కల్లో తుప్పు లేదు, టైర్లు బాగున్నాయి, ఆయిలు బంగారం రంగులో ఉంది. వంగి ఇంజను వాసన చూశాను. ఏ పాడు వాసనా లేదు. ఒక్కటే ఇబ్బంది. ఎడమ సీటు మెత్త ఇంకా మనిషి కూర్చుని లేచినట్టు గుంటపడి ఉంది. చేత్తో తట్టి సరిచేశాను. చెయ్యి తియ్యగానే మళ్ళీ గుంటపడింది. పాత స్పాంజి అంతే కదా అనుకున్నాను, కానీ అందులో కూర్చోవాలంటే మాత్రం మనసొప్పలేదు.

విమానాన్ని పరీక్షించే ఇంజనీరు పై వారం వస్తానన్నాడు. నాకు ఆగుతుందా? గాల్లోకి ఎగరను, నేల మీద అటూ ఇటూ నడిపి చూస్తానన్నాను. "దిష్టి తీయందే నేనందులో అడుగు పెట్టను" అని మా ఆవిడ బయటే నిలబడింది. ఒక్కణ్ణే ఎక్కి, తప్పక ఆ ఎడమ సీట్లోనే కూర్చున్నాను.

ఇంజను ఒక్క పిలుపుకే లేచింది. మంచుకి ముందు అద్దం మసకేసింది. హీటరు గొట్టం పిడి లాగాను. మన ఎండలకి ఆ పిడితో ఎవరికీ పని పడదు, ఇలాంటి పొద్దుల్లో తప్ప. వెచ్చటి గాలొచ్చి అద్దం తేటపడింది. రన్‌వే ఆ చివరికి వెళ్ళి, తిరిగి, మళ్ళీ వెళ్ళాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒళ్ళు తేలికైంది. ఇంజను మోత ఎక్కడో పక్క ఊళ్ళో వినిపిస్తున్నట్టుంది. మూడోసారో నాలుగోసారో ఆ చివరికి చేరి ఆగాను. ఎందుకాగానో తెలియదు. కుడివైపు సీట్లో ఎవరో ఉన్నారని తెలుస్తోంది. తిరిగి చూడాలనిపించలేదు, భయమూ వెయ్యలేదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషిని ఏం చూస్తాం?

"కిటికీ తియ్యి సామీ. గాలాడట్లా" అన్నాడు.

మామూలుగా, కొంచెం విసుగ్గా అన్నాడు. "తీస్తున్నా, ఉండు" అన్నాను. అవును, జవాబు చెప్పాను! బరువెక్కిన చేత్తో కిటికీ అద్దం పక్కకి జరిపాను. మంచుగాలి మొహం మీద కొట్టింది. ఒక్కసారిగా ఇంజను మోత చెవుల్లోకి వచ్చిపడింది. తిరిగి చూస్తే సీటు ఖాళీ. ఆ కిటికీ తెరిచి ఉంచుకునే షెడ్డు దాకా ఎలా తెచ్చానో నాకే తెలియదు.

ఇంజను ఆపి దిగితే కాళ్ళు తడబడ్డాయి, తల పగిలిపోతోంది. గొంతు వినిపించిందని చెప్పలేదు. చెబితే మా ఆవిడ ఆ క్షణమే కారెక్కేది.

"మీ మొహమేంటండీ, అట్లా కందిపోయింది? నే చెప్పానా, దిష్టి!" అని నన్ను మళ్ళీ అదే సీట్లోకి తోసింది. మనిషికీ బండికీ కలిపి ఒకేసారి తీస్తుందట. వద్దు వద్దన్నా వినలేదు. "చలిగాలి పోసుకోకండి" అంటూ కిటికీ మూసి, తలుపూ వేసింది. కళ్ళంలోంచి గుప్పెడు మిరపకాయలు తెచ్చి విమానం చుట్టూ తిప్పింది. కాపలావాళ్ళ చలిమంటలోంచి ఇనప మూకుట్లో నిప్పులు తెచ్చి, గాలి తగలకుండా విమానం పొట్ట కిందికి, సరిగ్గా పొగగొట్టం కిందికి నెట్టి, కాయలు అందులో పోసింది.

అద్దంలోంచి చూస్తున్నాను. మా ఆవిడ నిలబడింది. ఎదురుచూసింది. ఆ వదినగారు కూడా మొదటిసారి షెడ్డువైపు తిరిగి చూస్తోంది. దిష్టి లేకపోతే ఘాటొచ్చి అందరూ దగ్గుతారు. దిష్టి ఎంతుంటే ఘాటు అంత చచ్చిపోతుందంటారు. ఒక్కరూ దగ్గలేదు. మా ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏవండీ, ఘాటే రావట్లేదు! కాయలు మాడిపోతున్నా రావట్లేదు! దిగండి!"

నేను దిగే స్థితిలో లేను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మిరపకాయల కోరులో, ఆ ఘాటు దుమ్ములో తిరిగినవాణ్ణి, యార్డులో దగ్గని ఒకే ఒక్కణ్ణి, ఊపిరాడక దగ్గుతున్నాను. కళ్ళు మండిపోతున్నాయి. బయట రావాల్సిన ఘాటంతా మూసిన తలుపుల లోపల నా మొహాన కొడుతోంది. ఎక్కణ్ణుంచా అని చెయ్యి పెట్టి చూశాను. హీటరు గొట్టం లోంచి. పిడి ఇంకా లాగినట్టే ఉంది.

తలుపు తన్ని కింద పడ్డాను. మూకుడు చూశాను. పొగ పైకి లేచి తిన్నగా వేడి పొగగొట్టంలోకి పోతోంది. అక్కడ దూరింది నా మొహం దాకా ఎలా వచ్చింది? ఆ పొగగొట్టం మీదుగా వెళ్ళి వేడెక్కే గాలే హీటరు గాలి. మధ్యలో ఎక్కడో బీట ఉంటే తప్ప పొగ ఇందులోకి రాదు. లైసెన్సు క్లాసులో పాఠమే చెప్పారు. ఇంజను పొగలో వాసన లేని విషం ఒకటుంటుంది, ముందు హాయిగా నిద్రొస్తుంది, ఆ తర్వాత మెలకువ రాదు. మిరపకాయలకైతే ఘాటుంది కాబట్టి నాకు దొరికింది. నా ముక్కుంది చూశారూ, తగలెయ్యాలి దాన్ని.

దగ్గుతూనే చెప్పాను ఆ వదినగారికి. ఆవిడ దగ్గరకొచ్చి వంగి మూకుడు చూసింది.

"అంటే... కావాలని ఉండిపోలేదా?"

"లేదమ్మా. అద్దం మసకేసుంటుంది, పిడి లాగుంటాడు. నిద్రొచ్చేసింది. అంతే."

పై వారం ఇంజనీరొచ్చి పొగగొట్టం మీది కవచం విప్పితే, లోపల గొట్టానికి వెంట్రుకంత బీట. వేడెక్కితే విచ్చుకుంటోందట. గొట్టం మార్పించి ఆ విమానమే తీసుకుందామనుకున్నాం. మా ఆవిడే ముందు సరేనంది. ఆ రోజు బయల్దేరేముందు మనసాగక, గొంతు సంగతి ఆ వదినగారికి చెప్పేశాను, సామీ అన్న మాటతో సహా.

ఆవిడ మొహం మారిపోయింది. "ఆయన అందర్నీ సామీ అనే పిలిచేవాడు. నన్ను కూడా" అంది. పైట అంచు వేలికి చుట్టుకుంటూ, "ఇంకేమీ అన్లేదా అన్నయ్యగారూ? నా గురించి?"

"లేదమ్మా. కిటికీ తియ్యమన్నాడు. అంతే."

ఆవిడ షెడ్డువైపు నడిచింది. మొదటిసారి లోపలికి వెళ్ళి, విమానం రెక్క మీద అరచేత్తో ఠపీమని ఒక్కటేసింది.

"ఊళ్ళోవాళ్ళకి చెప్తావా కిటికీ తియ్యమని! నీది నువ్వు తీసుకోలేకపోయావా, మొద్దు మొహమా? అంత చిన్న అద్దం, చేతికందేంత దూరంలో ఉందే! నేనేదో నోరు పారేసుకున్నాననుకో, ఎప్పుడూ అనేదాన్నేగా, ఎప్పుడన్నా విన్నావా? ఆ ఒక్కరోజూ వినాలా?"

కళ్ళంలో కాయలు తిరగేస్తున్న కూలీలు తలెత్తి చూశారు. నేను ఓదార్చడానికి అడుగేస్తే మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండండి. తిట్టనీండి" అంది.

ఆవిడ తిట్టడం అయ్యేదాకా మేమిద్దరం ఆ గ్రానైట్ పలక మీదే కూర్చున్నాం.