ఇంటి నంబరు చెప్పవ్వా

ఆ రోజుల్లో, అంటే ఉద్యోగం కొత్తగా వచ్చిన రోజుల్లో, మనిషికి తెలివి కాస్త ఆలస్యంగా వస్తుందేమో. నాకైతే ఒక బర్రె ప్రాణం మీదికి వచ్చాక వచ్చింది.

బాన్సువాడ పట్టణ కార్యాలయంలో ఫోనెత్తడం నా పని. నీళ్ల ట్యాంకరుకు, చెత్త బండికి, వెలగని వీధి దీపానికి ఒకటే ఫోను. ఫైరింజన్ వచ్చేలోపు మంటల మీదికి కూడా ట్యాంకరే వెళ్లాలని కౌన్సిల్ తీర్మానించింది. ఒక వీధికని బయల్దేరిన ట్యాంకరు ఇంకో వీధిలో పెళ్లి వంటల దగ్గర తేలుతుండేది కాబట్టి, ఇంటి నంబరు రాసిన చీటీ లేనిదే బండి కదలకూడదని కూడా అందులోనే రాశారు. ఆ కాగితాలను టేబుల్ అద్దం కింద దాచుకున్నాను. (చదివింది మొదటి పేజీయే.) చీటీల పుస్తకం చేతికొచ్చాక నా నడకే మారిపోయింది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఫోను మోగింది.

"బిడ్డా, గడ్డివాముకు అగ్గంటుకున్నది! పక్కకే బర్రె ఉన్నది, గుంజి గుంజి పలుపు బిగుసుకపోయింది. అందరు వరికోతలకు పోయిండ్రు. నీళ్ల బండి జల్ది తోలు!"

"ఇంటి నంబరు చెప్పవ్వా."

"నంబరేంది బిడ్డా? నేను, పాలవ్వను!"

పాలవ్వే. రోజూ పొద్దున నేను గిన్నె పట్టుకుని వెళ్లేది ఆమె ఇంటికే. కిటికీలోంచి పొగ కూడా కనిపిస్తోంది. అయినా నేనన్న మాట ఇది: "నువ్వెవరో నాకెరుకే అవ్వా. కని రూలుంది. నంబరు తలుపు పక్కన రాసుంటది, చూసి చెప్పు."

పాపం, ఫోను పట్టుకునే చూడటానికి వెళ్లింది. (నా తప్పులన్నీ వరసలో నిలబెడితే, అట్లా ఎదురుచూసిన ఆ కాసేపే ముందు నిలబడుతుంది.) "మొన్న సున్నమేసిన బిడ్డా, నంబరు కనిపిస్తలేదు!" అని ఏడ్చింది.

గుమ్మంలో చాయ్ తాగుతున్న ట్యాంకరు డ్రైవరన్న పొగ చూసి, "ఎవరికిరా అగ్గి?" అన్నాడు.

"పాలవ్వకు. కని అన్నా, నంబరు..."

"ఏం మనిషివిరా నువ్వు! నంబరు నువ్వే దేవులాడుకో, నేను పోతున్న" అంటూ గ్లాసు నా తీర్మానం మీద పెట్టి ఉరికాడు. నేను చీటీల పుస్తకంతో "అన్నా, సంతకం!" అని అరుస్తూ ట్యాంకరు వెనక గేటు దాకా పరుగెత్తాను.

వాము సగం పోయింది. డ్రైవరన్న కొడవలితో పలుపు కోయడంతో బర్రె దక్కింది. తోక వెంట్రుకలు మాత్రం కమిలాయి. సాయంత్రం పెద్దసారు తీర్మానం రెండో పేజీ తిప్పి, నాచేతే పైకి చదివించారు: "అగ్ని ప్రమాదమైతే బండి ముందు వెళ్లాలి, చీటీ తరువాత రాసుకోవాలి."

మర్నాడు తల దించుకుని గిన్నె చాపాను. అవ్వ చెంబు ఎత్తి ఆగింది.

"ఇంటి నంబరు చెప్పు బిడ్డా."

"అవ్వా, తప్పయింది..."

"గదంత నాకెరుకలేదు. రూలుంది."

నేను కిరాయికున్న గది నంబరు నాకే తెలియదు. పాలకొచ్చిన ఆడవాళ్లంతా నవ్వారు. "పోయి చూసి రా. బర్రె ఏడికి పోదు" అంది. చూసొచ్చి చెప్పాను. రోజుకంటే కాస్త ఎక్కువే పోసింది.

ఇప్పుడు ఫోనెత్తగానే "ఏమైంది?" అని అడుగుతాను, నంబరు సంగతి తర్వాత. ఆ గది వదిలి చాలాకాలమైనా దాని నంబరు మాత్రం మరిచిపోలేదు. అవ్వ గోడ మీద నంబరు నేనే ఎర్ర రంగుతో, వీధి మలుపుకు కనిపించేంత పెద్దగా రాసిచ్చాను. "ఇంత పెద్దగ ఎందుకు బిడ్డా? మా ఇల్లు అందరికి ఎరుకే గద" అని నవ్వింది. నిజమే. చీటీల పుస్తకం పట్టుకుని ట్యాంకరు వెనక పరుగెత్తిన ఆ కుర్రాడికి కూడా ఎరుకే.