బావిలో నీళ్ళ చప్పుడు

కోట ద్వారం మీది రెండు గదుల్లోనే హెడ్విగ్ కాపురమంతా గడిచింది. భర్త లోరెంజ్ వచ్చినవాళ్ళకి కోట చూపించేవాడు. మొన్న చలికాలంలో పోయాడు. ఆ గదులు కోట చూపించేవాళ్ళకే ఇస్తుంది కోట సంఘం. ఈస్టర్‌కి కోట తలుపులు తీస్తారు, ఆలోగా ఎవరో ఒకరు ఆ పని అందుకోవాలి.

సంఘం పెద్ద ఒట్మార్ వచ్చి వంటింట్లో కూర్చుని, మీరే చూపించండి, లేకపోతే కొత్తవాళ్ళు దిగుతారు, నా చేతుల్లో లేదు అని నసిగాడు. నలుగురిలో నోరు విప్పి ఎరగదావిడ. బంగాళాదుంపల సూప్ వేడిచేసి పెట్టింది గానీ, సరేనని మాత్రం అనలేదు.

ఈస్టర్ ఆదివారం ఓ గుంపు వచ్చింది. వెనకాల ఒట్మార్ కూడా నిలబడ్డాడు. హెడ్విగ్ లోరెంజ్ కోటు తొడుక్కుని తాళాలగుత్తి పట్టుకుని నడిచింది. ఏనాడో రైతులు తిరగబడి తగలబెట్టిన బురుజు, ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళు పశువుల కొట్టాలకి రాళ్ళు పీక్కుపోయిన గోడ, ఇప్పుడు పెళ్ళిళ్ళకి అద్దెకిస్తున్న హాలు, అన్నీ తడబడుతూనే చూపించింది.

ఆఖర్న బావి. కొండరాయి తొలిచి చాలా లోతుగా తవ్వినది. కూజాతో నీళ్ళు పోసి, అడుగున చప్పుడయ్యేదాకా అందరూ చెవులప్పగించి నిలబడటం అక్కడి ఆనవాయితీ. పోస్తూ పోస్తూనే లోరెంజ్ ఓ మాట అనేవాడు. నవ్వులు సద్దుమణిగేసరికి నీళ్ళు అడుక్కి చేరేవి. పైన వంటింటి కిటికీ దగ్గర దుంపలు చెక్కుతూ ఆవిడ వినేది. విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది.

హెడ్విగ్ నీళ్ళు పోసింది. అందరూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. కూజా ఖాళీ అయిపోయింది.

“మా ఆవిణ్ణి ఏదడిగినా జవాబు ఈ నీళ్ళ చప్పుడులాగే ఇంతసేపటికి గానీ రాదు, అనేవారు మా ఆయన,” అంది చివరికి. “ఆ ఆవిణ్ణి నేనే.”

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లో నీళ్ళ చప్పుడు కలిసిపోయింది. మాట ఆలస్యంగా అంది మరి.

“ఏమీ వినపళ్ళేదమ్మా, మళ్ళీ పోయవూ,” అంది ఓ ముసలావిడ. రెండోసారి పోస్తే ఎవరూ కదల్లేదు. ఎక్కడో అడుగున, సన్నగా వినిపించింది.

గుంపు వెళ్ళిపోయాక ఒట్మార్ దగ్గరికొచ్చాడు. “మరి ఉంటారా, హెడ్విగ్ గారూ?”

ఆవిడ కోటు అంచుతో కూజా తుడిచింది. బావిలోకి తొంగిచూసింది. ఒట్మార్ నవ్వాపుకుంటూ ఓపిగ్గా నిలబడ్డాడు.

“ఉంటాను.”

అతను వెళ్ళాక తలెత్తి చూసింది. పొద్దున తెరిచిన వంటింటి కిటికీ తెరిచినట్టే ఉంది. కర్టెన్ మెల్లగా ఊగుతోంది. దాని వెనక, విని ఒళ్ళు మండించుకునేవాళ్ళు ఎవరూ లేరు.