పసుపు కడిగిన పుస్తకం

మా ఆయన వెంకట్రాములును గద్వాలలో అందరూ పుస్తకాల సారు అంటారు. అననీ. ఆయనతో కాపురం చేసేదాన్ని నేను, నాగేంద్రమ్మను. నా నోరు మూయించేవాళ్లెవరు?

ఆయనకు పాత రాజకీయ చరిత్ర పుస్తకాల పిచ్చి. సంస్థానాలు, నిజాం పాలన, రైతుల పోరాటాలు. ఉత్త పుస్తకమైతే పనికిరాదు. రాసినాయనే తన చేత్తో 'ఫలానా వారికి' అని రాసి సంతకం పెట్టి ఉండాలి. వనపర్తిలో, అమరచింతలో, నాగర్‌కర్నూల్‌లో ఎవరి అటక మీద ఏముందో ఈయనకు తెలుసు. "ప్రదర్శనల పెట్టి తెచ్చిస్త" అని పట్టుకొస్తాడు. తిరిగిచ్చింది నేనైతే చూడలేదు. వాటి దగ్గరికి పెన్ను పోకూడదు. ఒకసారి ఒకదాని వెనక అట్ట మీద పచ్చడి కొలతలు రాసుకున్నానని నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నెల నేను హాయిగా ఉన్నాను.

మొన్న ఎండాకాలం రాజోలి నుంచి ఒకటి తెచ్చాడు. కూలి చేసుకుని బతికే కాంతమ్మది. పోరాటం రోజుల్లో పోలీసులు తరుముతుంటే, వాళ్ల నాయన పెంటయ్య ఒకాయనను పుట్టిలో తుంగభద్ర దాటించాడట. ఆ ఏరు దాటినాయన తర్వాత పుస్తకం రాసి, మొదటి పేజీలో పెంటయ్య పేరు రాసి ఇచ్చాడు. ఆ ఇంట్లో ఎవరికీ చదువు రాదు. దేవుళ్ల పక్కన పెట్టుకుని ప్రతి దసరాకూ ఆ పేజీకి పసుపు కుంకుమలు పెట్టారు. పెట్టగా పెట్టగా అక్షరం కనబడకుండా పోయింది.

ఈయనకు సంతకం కావాలాయె. తడి దూది తీసుకుని తుడవడానికి కూర్చున్నాడు. వద్దయ్యా అన్నాను. "నీకేం తెల్వదు, పో" అన్నాడు. పసుపుతో పాటు సిరా కూడా కరిగి దూదికి అంటుకుంది. పుస్తకాన్ని బీరువాలో దాచి తాళం వేసుకున్నాడు.

దసరా ముందు కాంతమ్మ వచ్చింది.

"సారూ, పండుగొచ్చె. మా పుస్తకమియ్యి."

"ఇంకా ప్రదర్శనలనే ఉంది కాంతమ్మా. పండుగైనంక రా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన దిండు కింది తాళంచెవితో బీరువా తీసి పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె మొదటి పేజీ తిప్పింది. నీలం మరక తప్ప ఏమీ లేదు.

"కడిగినవా? మా నాయనకు ఫొటో లేదు, సమాధి మీద రాత లేదు. ఆయన పేరున్నది గీడ ఒక్కకాడనే. నీ చెయ్యి ఇర్గ! కడిగేముందు సదవనన్న సదివినవా?"

"పసుపు కింద కనబడలే" అని గొణిగాడు.

"నాకు నోటికొస్తది. మా నాయన దినాం చెప్పేటోడు. పెన్ను తియ్యి."

ఆయన నా వైపు చూశాడు. పెన్ను నేనే తెచ్చిచ్చాను. ఆమె చెప్పింది: "ఏటి నడుమ పానం పోతుంటే నన్ను గట్టెక్కించిన పెంటయ్యకు."

అలాగే రాశాడు.

"కింద నీ పేరు గూడ రాయి."

"నా పేరెందుకు? రాసిచ్చినోణ్ని నేను గాదు గదా."

"చెరిపినోనివి గదా. గదే రాయి."

రాసి సంతకం పెట్టాడు. కాంతమ్మ ఆయనను నమ్మలేదు. పుస్తకం నా ముందు పెట్టింది.

"చెరిపినోడు అనే రాసిండా అమ్మా?"

"రాసిండు."

పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని రాజోలి బస్సుకు పోయింది.